స్టీరింగు లాగే మలుపు

క్వారీ మలుపు మాట ఎత్తితే డ్రైవర్లు చేతిలో టీ గ్లాసు కింద పెట్టేస్తారు. ఆ తర్వాత మాట్లాడినా గుసగుసగానే.

ఒక పక్క కొండ. ఇంకో పక్క మూతపడ్డ రాళ్ళ క్వారీ... దాని అడుగున ఏ కాలంలోనూ ఎండని నల్లటి నీళ్ళు. ఎప్పుడో ఒక లారీ అందులోకి దిగిపోయిందట. లారీని పైకి తీశారు. డ్రైవరు దొరకలేదు.

అప్పట్నుంచీ, చీకటి పడ్డాక అటు వెళ్ళే ప్రతి బండి స్టీరింగునీ అతను పట్టుకుని లాగుతాడంటారు. అతని చేతులు మంచులా ఉంటాయని కూడా అంటారు. ఎవరు ముట్టుకుని చూశారో మాత్రం చెప్పరు. నేనూ అడగలేదు... అడిగే ధైర్యమే ఉంటే ఈ కథని పట్టపగలు, నలుగురి మధ్యలో ఇరుక్కుని కూర్చుని వినేవాణ్ణి కాదు.

కథ రొట్టెలాయనది. బేకరీ నుంచి కొట్లకి రొట్టెలు చేరవేసే పాత వ్యాను ఆయనది. మనిషి మంచివాడే గానీ, అద్దంలో తన మొహం హఠాత్తుగా కనబడితే హారన్ కొట్టే రకం.

పొద్దున వెళ్ళేటప్పుడు ఒకసారి, చీకటి పడ్డాక తిరిగొచ్చేటప్పుడు ఒకసారి ఆ మలుపు దాటక తప్పదు. వాళ్ళ నాన్నా డ్రైవరే. కొడుక్కి బండి నేర్పిన రోజే ఇదీ నేర్పాడు — మలుపు రాగానే స్టీరింగుని రెండు చేతులా రొమ్ముకేసి లాక్కోవాలి, ఒంటి బరువంతా దాని మీద వేసి వేలాడాలి. మనం లాక్కోకపోతే అతను లాక్కుంటాడు. ఆ దారిలో తిరిగే వాళ్ళందరూ చేసేది అదే.

అయినా లాగుడు ఆగలేదు సరిగదా, ఈ మధ్య మరీ ఎక్కువైంది. మలుపులోకి వచ్చేసరికి స్టీరింగు పైకీ కిందకీ ఊగేది... పక్కకి ఒరిగేది... మొన్నొక సాయంత్రం ఏకంగా ఒళ్ళోకొచ్చి కూర్చుంది.

ఇంట్లో భార్యకి నెలలు నిండాయి. కాన్పుల ఆసుపత్రి మలుపుకి అవతల ఉంది. ఇంకో దారి లేదు. నొప్పులు ఏ రాత్రి మొదలవుతాయో తెలియదు. తను తప్ప బండి తోలేవాడూ లేడు. ఆయన పడుకోవడం పడుకునేవాడే గానీ, నిద్రపోయేది కాళ్ళు మాత్రమే.

చివరికి బావమరిది షెడ్డుకి వెళ్ళాడు. భార్యకి సొంత తమ్ముడు, మెకానిక్కు. వాడు సీటు కింద వెల్లకిలా దూరి, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని, దెయ్యం సంగతంతా అడ్డు చెప్పకుండా విన్నాడు. నోట్లో టార్చి ఉంది కాబట్టి విన్నాడు.

స్టీరింగు కింద రేకు మూత విప్పాడు. స్టీరింగు గొట్టాన్ని డ్యాష్‌బోర్డుకి బిగించి ఉంచాల్సిన బోల్టుల్లో ఒకటి లేనే లేదు. ఇంకోటి వేళ్ళతో తిప్పితేనే ఊడి చేతిలోకొచ్చింది. మిగిలినవి ఏ స్టాపులో దిగిపోదామా అన్నట్టున్నాయి.

వాడు టార్చి తీశాడు.

"బావా, ఇక్కడ దెయ్యం లేదు. నీ బరువుంది."

స్టీరింగున్నది తిప్పడానికి గానీ ఊయలూగడానికి కాదన్నాడు. రోజూ వేలాడితే బోల్టులు వదులవుతాయి, వదులైన గొట్టం మళ్ళీ వేలాడినప్పుడే ఊగుతుంది, ఊగితే భయపడి ఇంకా గట్టిగా వేలాడతారు... ఆ దారిలో తిరిగే బళ్ళన్నీ తన దగ్గరికి ఇదే జబ్బుతో వస్తాయట. చెప్తే నమ్మేవాడు ఒక్కడూ లేడట.

బోల్టులు దిగే చోట మరలు ఇనప బ్రష్షుతో రుద్దాడు. కొత్త బోల్టులకి వదులు కాకుండా జిగురు పూసి, ఒకదాన్నే బిగించెయ్యకుండా, వంతులవారీగా కొంచెం కొంచెం బిగించాడు. స్టీరింగు పట్టుకుని ఊపి చూస్తే బండే ఊగింది గానీ అది కదల్లేదు.

"ఇకనుంచి ఆ మలుపులో కుడిచెయ్యి ఒక్కటే స్టీరింగు మీద. ఎడమచెయ్యి గేరు మీంచి లేవకూడదు. లేచిందా, మళ్ళీ వేలాడతావు."

బావ మీద నమ్మకం చాలక, అక్కకి కూడా ఫోన్ చేసి అదే మాట చెప్పాడు.

ఆ వారంలోనే, వీధి దీపాలు వెలిగిన కాసేపటికి, నొప్పులు మొదలయ్యాయి.

డ్రైవరు సీటు వెనక బల్ల మీద భార్య, ఆమె నడుం పట్టుకుని ఆయన తల్లి. నొప్పి వచ్చినప్పుడల్లా భార్య ముందుకి వంగి ఆయన సీటుని గట్టిగా పట్టుకునేది. వేడి ఊపిరి ఆయన మెడకి తగిలేది.

మలుపు వచ్చింది.

హెడ్‌లైటు కొండ మీద పాకుతూ వెళ్ళి... కొండ అయిపోయాక ఎక్కడా ఆగలేదు. ముందంతా నలుపే. ఆయన గేరు తగ్గించాడు. ఎడమచెయ్యి గేరు మీదే ఉంచేశాడు. వేలాడదామని ఒళ్ళంతా లాగుతోంది... ఆపుకున్నాడు.

స్టీరింగు ఊగలేదు.

సరిగ్గా నడిమధ్యలో, రాళ్ళపొడి మీద వెనక టైరు జారింది. బండి తోక క్వారీ వైపు తిరిగింది. ఆయన కుడిచేతిలో బలం పోయింది... కానీ స్టీరింగు పోలేదు. నిబ్బరంగా, తొందర లేకుండా తిరిగింది. బండి మళ్ళీ రోడ్డెక్కింది. మలుపు దాటింది.

ఆయనకి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ భయం, గుప్పెడు బోల్టులు. బావమరిదిని మనసులోనే దీవించాడు.

అప్పుడు భార్య ఆయన చెవి దగ్గరికి వంగి, రొప్పుతూ, గుసగుసగా అంది.

"ఒంటిచేత్తో తిప్పమన్నాడు కదండీ తమ్ముడు... మళ్ళీ రెండు చేతులూ వేసి అంత గట్టిగా పట్టుకున్నారేం?"

ఆయన తల తిప్పలేదు. కళ్ళు మాత్రం దించాడు. ఎడమచెయ్యి గేరు మీదే ఉంది... మలుపు మొదలైనప్పట్నుంచీ అక్కడే ఉంది.

"భయమేసింది" అన్నాడు.

ఆసుపత్రి దీపాలు కనిపించేదాకా ఆ చేతిని అక్కణ్ణుంచి తియ్యలేదు. స్టీరింగు మీద దానికి చోటుందో లేదో చూసే ధైర్యం లేక.