పదకొండు ఎర్ర సెకన్లు

"కాయ యాడిదప్పా?"

"తంబళ్లపల్లెది. ఎండకు మెరవదు."

కోడ్‌వర్డ్ సరిపోయింది. మదనపల్లె టమోటా మార్కెట్లో క్రేట్ల వెనక కూర్చున్న మండీ వ్యాపారి పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆయన వ్యాపారి కాదు. ఒక రహస్య నిఘా విభాగానికి చీఫ్, రామమూర్తి. లుంగీ కట్టి, చెవిలో బీడీ దోపుకుని ఎదురుగా నిలబడ్డ కొనుగోలుదారు ఏజెంట్ మునికుమార్.

"ఆపరేషన్ పేరు రెప్పపాటు," అన్నాడు చీఫ్, ఒక టమోటాను నొక్కి చూస్తూ. "పన్నెండు రోజుల కిందట పుంగనూరు లోకల్ కేబుల్లో ఒక బోరు మోటారు ప్రకటన వచ్చింది. దాని మధ్యలో పదకొండు సెకన్ల పాటు తెర ఎర్రగా, సెకనుకు పదిహేనుసార్లు మెరిసింది. అలాంటి మెరుపులు కొందరి మెదడు తట్టుకోలేదు. తొమ్మిదిమంది ఫిట్స్ వచ్చి పడిపోయారు."

"ఎవరి పని?"

"విదేశీ ముఠా. అది ట్రయల్. అసలు దాడి రేపు, కుప్పంలో. అదే కేబుల్ ఛానల్‌కు అక్కడున్న మెయిన్ కంట్రోల్ రూమ్ నుంచి సిగ్నల్ మూడు రాష్ట్రాల ఊళ్లకు పోతుంది. నాలుగున్నరకు కబడ్డీ ఫైనల్ హాఫ్‌టైమ్. లక్ష ఇళ్లు." చీఫ్ ఒక ఫోటో చూపించాడు. నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర. "కమలాక్షి. ఆ ఛానల్ యాంకర్. ప్రకటన తెచ్చింది ఈమే. ముఠా మనిషని అనుమానం."

మునికుమార్ ఫోటో అందుకున్నాడు.

"ఇంకొకటి. ఆ ప్రకటన, ప్రసారానికి ముందు తనిఖీ చేసే మన టెస్టింగ్ సెల్లో పాసయ్యాకే వెళ్లింది. పూర్తిగా పరీక్షించాను, హానికరమైన మెరుపులు లేవు అని ఎవడో సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆఫీసు కాపీ మాయమైంది. ఆ సంతకం ఎవరిదో కూడా పట్టుకో."

"ఎస్ సర్," అన్నాడు మునికుమార్.

ఆ కాపీ అతని బ్యాగులోనే ఉంది. సంతకం అతనిదే.

మోకాలి దెబ్బ వల్ల ఆరు నెలలు అతన్ని టెస్టింగ్ సెల్లో కూర్చోబెట్టారు. ఏజెంటుకు అది పనిలా తోచలేదు. ఆ రోజు ముప్పై ఏడు ప్రకటనలున్నాయి. క్యాంటీన్ నుంచి సాంబారు వాసన వస్తోంది. ఒక్కోదాన్నీ పది సెకన్లు నడిపి, అన్నింటికీ వరసగా సంతకాలు పెట్టి భోజనానికి వెళ్లాడు. పుంగనూరు వార్త తెలిసిన రోజు ఫైల్లోంచి కాపీ తీసేశాడు.

మధ్యాహ్నానికి సెట్‌టాప్ బాక్స్ మెకానిక్ వేషంలో పుంగనూరు చేరాడు. ప్రకటన గురించి ఆరా తీస్తూ, పడిపోయిన తొమ్మిదిమందిలో ఒకరుండే గంగులమ్మ ఇంటి తలుపు తట్టాడు.

"ఎవురప్పా?"

"కేబుల్ వాళ్లమమ్మా. ఆ రోజు బొమ్మ ఎట్లొచ్చిందో కనుక్కోను వచ్చినాను."

"బొమ్మ సంగతి యాల అడుగుతావులే," అంది గంగులమ్మ. "మా పాప ఉషా ఈడనే కూసోని సూస్తాండె. టీవీ ఎర్రగా కొట్టుకునింది. పాప కింద పడి గిలగిలా కొట్టుకునింది. బట్టల కంపెనీలో కుట్టుమిషన్ మీద పని దానికి. సూపర్వైజరు రావద్దన్నాడు. మిషన్ మీద ఫిట్స్ వస్తే ఎట్ల అని."

ఉషా తలుపు చాటున నిలబడి ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి. నుదుటి మీద కుట్లు.

"నాకేదో రోగం ఉండాదంట అన్నా," అంది నెమ్మదిగా. "వీధిలో అందురూ అదే మాట."

"నీ తప్పు కాదమ్మా. తప్పు ఆ బొమ్మలో ఉండాది."

"బొమ్మలో తప్పుంటే యాల యేస్తారు?" గంగులమ్మ అడిగింది. "సూసేదానికి గవర్మెంటోళ్లు ఉండారంట గదా. సూసి సీలేసినోడు ఒకడు ఉంటాడు గదప్పా?"

నేనే అని చెప్పడానికి అదే సమయం. మునికుమార్ వంగి, బాగానే ఉన్న వైరును ఊడదీసి మళ్లీ బిగించాడు. "కనుక్కుంటానమ్మా," అని బయటపడ్డాడు.

ఆదివారం సాయంత్రం నాలుగూ పదిహేను. కుప్పం.

శాటిలైట్ ఇంజనీరు రామచంద్రగా కంట్రోల్ రూమ్‌కు వచ్చిన మునికుమార్‌కు తలుపు తీసింది కమలాక్షే. అతను ఆమె మణికట్టు పట్టుకోగానే ఆమె అతని చెవిలో గుసగుసగా అడిగింది. "కాయ యాడిదప్పా?"

అతని పట్టు సడలింది. "తంబళ్లపల్లెది."

"ఎండకు మెరవదు. నేను డబుల్ ఏజెంట్‌ని. రెండేళ్లుగా ముఠాలో ఉన్నాను. నా సంగతి ఢిల్లీలో ఒక్కరికే తెలుసు. ఢిల్లీ చెబితే నిన్న రాత్రే మీ చీఫ్ నాకు కోడ్ ఇచ్చారు, మీకు కబురందే వీలు లేకపోయింది. టైం లేదు. ఈ బ్రేక్‌లో పద్నాలుగు ప్రకటనలున్నాయి. మెరుపులు ఒకదాంట్లో దాచారు. ఎందులోనో నాకూ చెప్పలేదు."

మునికుమార్ చేతి గడియారం విప్పాడు. అది ఫ్లాష్ మీటర్. తెర సెకనుకు మూడుసార్లకు మించి మెరిస్తే కూస్తుంది. ప్రివ్యూ మానిటర్‌కు ఎదురుగా పెట్టి మొదటి ప్రకటన వేశాడు.

"పుంగనూరులోనే వీళ్ల ఆట కట్టాల్సింది," అంది కమలాక్షి పళ్లు బిగించి. "నా కవర్ పోకుండా ఆపాలని ఆ ప్రకటనను నేనే కావాలని టెస్టింగ్‌కు పంపాను. మెషిన్ పట్టుకుంటుందని నిశ్చింతగా ఉన్నాను. పాసై వచ్చింది! సర్టిఫికెట్ మీద సంతకం ఎవడో మునికుమార్‌దంట. దొరికితే ఒక్కటే అడుగుతాను, కళ్లు యాడ పెట్టుకున్నావని."

"నేనే," అన్నాడు.

ఆమె అర్థం కానట్టు చూసింది.

"మునికుమార్‌ని నేనే. పది సెకన్లే చూసి సంతకం పెట్టాను."

ఆమె మానిటర్ వైపు తిరిగింది. అడుగుతానన్న ఒక్క మాట కూడా అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. తల ఎత్తకుండా రెండో ప్రకటన వేశాడు.

నాలుగూ ఇరవై. నాలుగూ ఇరవై రెండు.

"ఒక్కోటి పది సెకన్లు చూసి దాటేయకూడదా?" అంది చివరికి. "టైం చాలదు."

"కుదరదు. మొత్తం చూడాలి. మీరు ఒక కన్ను అరచేత్తో మూసుకోండి, మెరుపులొస్తే మెదడు మీద దెబ్బ తగ్గుతుంది."

నాలుగూ ఇరవై ఎనిమిదికి, పదమూడోది. మామిడి జ్యూస్. ఇరవై రెండో సెకనులో తెర ఎర్రబడింది. గడియారం కూసింది. మునికుమార్ డిలీట్ నొక్కాడు. పోలేదు. ప్లేలిస్ట్ లాక్ అయి ఉంది.

"దానికి నా పాస్‌వర్డ్ కావాలి మిత్రమా," అంది వెనక నుంచి ఒక గొంతు. మార్టిన్. ముఠా పంపిన టెక్నీషియన్. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. "ఇద్దరూ గోడవైపు తిరగండి."

కమలాక్షి చేతులెత్తి, జడలో మల్లెపూలు సర్దుకున్నట్టుగా హెయిర్‌పిన్ లాగింది. మొనకు మత్తుమందు పూసిన ఆ పిన్నును గిరుక్కున తిరిగి విసిరింది. మార్టిన్ మెడ తడుముకున్నాడు. పిస్టల్ పేలి ట్యూబ్‌లైట్ పగిలింది. మనిషి కుర్చీ మీదుగా జారి కింద పడ్డాడు. పాస్‌వర్డ్ చెప్పేవాడు గంటదాకా లేవడు.

ఈలోగా బ్రేక్ మొదలైపోయింది. ప్రకటనలు ఒకటి తర్వాత ఒకటి లక్ష ఇళ్లకు పోతున్నాయి. మునికుమార్ పరికరాల ర్యాకు వెనక దూరి, సిగ్నల్‌ను బయటికి మోసే పసుపు రంగు మెయిన్ ఫైబర్ తీగ కోసం వైర్ల గుత్తిలో వెతుకుతున్నాడు.

"పదమూడోది మొదలైంది!" కమలాక్షి అరిచింది. "పది... పదిహేను... ఇరవై..."

పసుపు తీగ చేతికి తగిలింది.

"ఇరవై ఒకటి!"

లాగాడు. మూడు రాష్ట్రాల్లో తెరలు నల్లబడ్డాయి.

మరుక్షణం కంట్రోల్ రూమ్‌లో నాలుగు ఫోన్లూ మోగడం మొదలుపెట్టాయి. కబడ్డీ ఏమైందని జనం తిట్టిపోస్తున్నారు. వచ్చిన ప్రతి ఫోనూ మునికుమారే ఎత్తాడు. ఒక్క తిట్టు కూడా అతనికి ఎక్కువనిపించలేదు. ఆఖర్న చీఫ్ లైన్లోకి వచ్చాడు.

"వెల్ డన్! ఆ సంతకం పెట్టినవాడు దొరికాడా?"

"దొరికాడు సార్. నేనే. ఆఫీసు కాపీ దొంగిలించింది కూడా నేనే. రిపోర్ట్‌కు జతచేసి పంపుతున్నాను."

అవతల లైన్ కట్ అయింది.

సోమవారం పొద్దున అతను వేషం లేకుండా పుంగనూరు వెళ్లాడు. గంగులమ్మ ముందు నిలబడి మొత్తం చెప్పాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఉషా మాత్రం గడప మీదే నిలబడింది.

"నువ్వు చెప్పకపోయింటే మాకు తెల్సుండదు గదా?"

"తెల్సుండదు."

"మొన్న మా ఇంట్లో కూసోని గూడా చెప్పకపోతివి."

అతను తల దించుకున్నాడు. "చెప్పే ధైర్యం లేకపోయింది."

ఉషా చెప్పులు వేసుకుంది. "ఈ మాట మా సూపర్వైజరు ముందర చెప్పు. వీధిలో అందురూ ఇనేట్టుగా చెప్పాల. పా."

చెప్పాడు. కంపెనీ గేటు దగ్గర, షిఫ్టుకు వచ్చిన రెండువందలమంది ఎదుట, ఈ అమ్మాయికి పని ఆపాల్సిన రోగం ఏదీ లేదని, తప్పు తనదని చెప్పాడు. ఆ తర్వాత డాక్టరు పరీక్ష చేసి ఇచ్చిన కాగితం చూసి ఉషాను గురువారం నుంచి రమ్మన్నారు. ఆమె అతనికి కృతజ్ఞతలేమీ చెప్పలేదు. అతనూ ఆశించలేదు.

కుప్పం విజయం అత్యంత రహస్యం కాబట్టి ఆ ఫైల్లో ఏజెంట్ పేరు ఎక్కడా లేదు. పుంగనూరు తప్పుకు మాత్రం, ఇంటిపేరుతో సహా, మూడు కాపీల్లో చార్జ్‌మెమో వచ్చింది.