వెనక్కి కట్టుకున్న చేతులు

"ఆగు ఆగు, నువ్వు పాడు జేస్తవ్. నేను పెడ్త!" అంటూ సౌమ్య మహిపాల్ చేతిలోని వైరు లాక్కుంది.

ఆరో తరగతిలో సైన్స్ పీరియడ్ నడుస్తోంది. ముగ్గురేసి పిల్లలు ఒక్కో గ్రూపు. సెల్, వైర్లు, స్విచ్ కలిపి చిన్న బల్బు వెలిగించాలి. బాగా చేసిన గ్రూపు శనివారం స్కూల్ సైన్స్ ఫెయిర్‌లో అందరి ముందూ ఒక టేబుల్ మీద చేసి చూపిస్తుంది. ఆ టేబుల్ దగ్గర నిలబడాలని సౌమ్యకు ఎంత ఆశో!

సౌమ్య చేతులు మహా చురుకు. ఆమె వైర్లు బిగిస్తుంటే, గ్రూపులోని మహిపాల్, లావణ్య పెళ్లికొచ్చిన చుట్టాల్లా చూస్తూ కూర్చున్నారు. అందరికంటే ముందు వీళ్ల బల్బే వెలిగింది.

స్నేహలత టీచర్ వచ్చి చూసి, అంతా ఊడదీసి, కొత్త వైర్లు ఇచ్చారు.

"ఇప్పుడు మహిపాల్ చేసి చూపిస్తడు. గ్రూపుల ఎవర్ని అడిగినా చేసుడు రావాలని ముందే చెప్పిన గదా!"

మహిపాల్ వైరును సెల్‌కు ఆనించాడు. వెలగలేదు. అటుది ఇటు మార్చాడు. అయినా వెలగలేదు. సౌమ్య చెయ్యి చాపబోతే టీచర్ వద్దన్నట్టు చూశారు.

"రేపు ఇంకో ఛాన్స్ ఇస్త. ఎవర్ని పిలుస్తనో చెప్పను," అని వెళ్లిపోయారు.

"అంతా నీ వల్లనే!" అంది సౌమ్య. ఏడుపొక్కటే తక్కువ.

"నన్ను ఒక్కసారన్న వైరు ముట్టనిచ్చినవా?" అన్నాడు మహిపాల్. లావణ్య కిటికీలోంచి బయటికి చూసింది.

సాయంత్రం సౌమ్య హనుమకొండ చౌరస్తా దగ్గరున్న తమ కిరాణా దుకాణానికి వెళ్లింది. అక్కడ ఇప్పటికీ పప్పులు కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. అది నేర్చుకోవాలని ఆమెకు ఎప్పట్నుంచో కోరిక. కందిపప్పు కాగితంలో పోసి, మూలలు మడిచి, దారం చుట్టడం మొదలుపెట్టిందో లేదో నాన్న పొట్లం లాక్కున్నాడు.

"జర జరుగు బిడ్డా! గిరాకి నిలబడ్డది." టకటకా చుట్టి, దారం పుటుక్కున తెంపాడు.

సౌమ్యకు రోషం వచ్చింది. "ఎప్పుడూ గిట్లనే గుంజుకుంటవు నాన్నా! గట్లయితే నేనెప్పుడు నేర్చుకోవాలె?"

అనేశాక నాలుక కరుచుకుంది. మహిపాల్ ముఖం గుర్తొచ్చింది. తన మీద తనకే సిగ్గేసింది.

మర్నాడు లంచ్ డబ్బా గబగబా ఖాళీ చేసి, సామానంతా బెంచీ మీద పెట్టి, సౌమ్య చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఇయ్యాల నేను ముట్టనే ముట్ట. మీరే చెయ్యుండ్రి. అడిగితే చెప్త."

మహిపాల్ మొదట నమ్మలేదు. తర్వాత మెల్లగా వైరు ఆనించాడు. వెలగలేదు. సౌమ్య చేతులు ఒక పట్టాన ఊరుకోవడం లేదు. వేళ్లు గట్టిగా ముడేసుకుని, "లోపలి రాగితీగ తగుల్తుందా చూడు," అని మాత్రం అంది.

అతడు వైరు చివర ప్లాస్టిక్ ఒలిచి మళ్లీ ఆనించాడు. వెలిగింది!

"లావణ్యా, ఇగ నువ్వు!" అని అతడే సామాను ఆమె ముందుకు జరిపాడు.

సైన్స్ పీరియడ్‌లో టీచర్ లావణ్యనే పిలిచారు. ఆమె అన్నీ కలిపి స్విచ్ నొక్కింది. బల్బు వెలగలేదు. సౌమ్య ముందుకు వంగింది. కానీ చేతులు వెనకే ఉన్నాయి.

లావణ్య ఒక్కో వైరూ కదిపి చూసింది. "ఈడ లూజున్నది టీచర్," అని స్విచ్ దగ్గర బిగించింది.

బల్బు వెలిగింది.

"శనివారం ఫెయిర్‌ల ఆ టేబుల్ మీ గ్రూపుదే," అన్నారు టీచర్.

అప్పుడు గానీ సౌమ్య చేతులు ముందుకు తీయలేదు. చప్పట్లు కొట్టాలి కదా మరి!