గుమ్మటంలో మలుపు

కరెంటు పోయి కూలర్ ఆగిపోయింది. అమ్మ మాత్రం లేవలేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సుకు ఎంత ఉక్కలోనైనా నిద్ర పడుతుంది.

అక్సా చెప్పులు చేత్తో పట్టుకుని మెల్లగా తలుపు తీసింది. ఐదో తరగతి అయిపోయి సెలవుల్లో ఉంది. వెనకాలే తమ్ముడు సిలాసు వచ్చాడు. వాడు ఒకటో తరగతి.

"అక్కా, కహా జా రహీ హో?"

"గట్టిగా మాట్లాడకు. గుమ్మటం దగ్గరికి."

సిలాసు మొహం మారిపోయింది. "అక్కడ భూత్ ఉందని పక్కింటి కెల్విన్ చెప్పాడు."

"కెల్విన్ చూశాడా?"

"లేదు."

"మరి?"

సిలాసు చెప్పులు వెతుక్కుని వేసుకున్నాడు. భయపడుతూనే వెంట వచ్చాడు.

ఢిల్లీలో వాళ్లుండే హాస్పిటల్ క్వార్టర్స్ గోడ వెనక ఆ పాత రాతి గుమ్మటం ఉంది. ఎవరి సమాధో క్వార్టర్స్‌లో ఎవరికీ తెలియదు. లోపల మధ్యలో సమాధి రాయి, ఒక మూల ఇరుకు మెట్లు ఉన్నాయి. కాస్త ఎక్కగానే మలుపు. మలుపు అవతల చీకటి. ఆదివారం చర్చి నుంచి వస్తూ అక్సా ఒకసారి తొంగి చూసింది. అప్పటినుంచి ఆ మలుపు ఆమెను వదల్లేదు. అన్నం తింటున్నా అదే. ప్రార్థనలో కళ్లు మూసుకున్నా అదే. తలుచుకుంటే భయం వేసేది. భయం వేసిన కొద్దీ చూడాలనిపించేది.

గుమ్మటంలో గబ్బిలాల వాసన. సిలాసు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఇంట్లో వాళ్లిద్దరూ హాస్పిటల్ ఆట ఆడుకుంటారు. తర్వాతి సిస్టర్ వచ్చి పేషెంట్‌ను అప్పగించుకునేదాకా డ్యూటీలో ఉన్న సిస్టర్ కదలకూడదని అమ్మ చెప్పిన మాటే ఆ ఆటకు రూలు. అక్సాకు అది గుర్తొచ్చింది.

"నీకు ఇక్కడ డ్యూటీ. నేను వచ్చి 'డ్యూటీ ఆఫ్' అనేదాకా ఉండాలి. ఎవరైనా వస్తే దాక్కో. ఎవరు పిలిచినా పలకకు. ఇక్కడున్నామని ఎవరికీ తెలియకూడదు."

"ఠీక్ హై," అన్నాడు సిలాసు నిటారుగా నిలబడి. "జల్దీ రా."

అక్సా మెట్లెక్కింది. మలుపు దాటగానే తన చేయి తనకే కనిపించలేదు. గోడ చల్లగా, తడిగా తగిలింది. ముఖం పక్కనుంచి ఏదో రెపరెపమని పోయింది. ఒక్కో మెట్టునూ ముందు కాలితో తడిమి, తర్వాత అడుగు వేసింది. ఇంకో మలుపు వచ్చింది. వెనక్కి తిరిగితే బాగుండు అనుకుంటూనే ఎక్కింది.

ఉన్నట్టుండి ముఖానికి వేడిగాలి కొట్టింది. పైకప్పు. ఎండలో క్వార్టర్స్ డాబాలు, వాటిమీద ఆరేసిన తెల్ల యూనిఫారాలు, దూరంగా దుమ్ములో కుతుబ్ మినార్. అక్సాకు గట్టిగా నవ్వొచ్చింది. ఎక్కడో కింద కుక్క అరిచింది. ఆమె పట్టించుకోలేదు.

దిగి వచ్చేసరికి గుమ్మం దగ్గర సిలాసు లేడు. నీలం రంగు హవాయి చెప్పు ఒకటి మాత్రం బోర్లా పడి ఉంది.

"సిలాసూ."

"లాసూ... సూ..." అంది గుమ్మటం. ఆ గొంతు తనది కాదు. ముసలిది, బొంగురుది. ఇంకోసారి పిలవాలంటే అక్సాకు నోరు రాలేదు. బయట చుట్టూ వెతికింది. లేడు.

అమ్మను లేపితే అన్నీ బయటపడతాయి. లేపకపోతే తమ్ముడు ఏమవుతాడో తెలియదు. అక్సా ఇంటికి పరుగెత్తింది.

"అమ్మా, సిలాసు కనబడట్లేదు. గుమ్మటంలో."

అమ్మ తిట్టలేదు. టార్చ్ ఉన్న నోకియా ఫోన్ అందుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది.

"సిలాసూ, అమ్మనురా," అని పిలిచింది గుమ్మటంలో నిలబడి.

"మ్మనురా... రా..."

జవాబు లేదు. అమ్మ టార్చ్ వెలుగును మెట్ల చీకటివైపే మళ్లీ మళ్లీ తిప్పింది. రక్తం చూసినా బెదరని అమ్మ భయపడటం అక్సా ఎప్పుడూ చూడలేదు. అది మలుపు అవతలి చీకటికన్నా భయంగా ఉంది.

అమ్మ ఆమె ముందు మోకాళ్లమీద కూర్చుంది. "వాడికి ఏం చెప్పి వెళ్లావు? ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

అక్సా చెప్పింది. 'ఎవరు పిలిచినా పలకకు' అన్నానని కూడా చెప్పింది.

"మరి వాడి డ్యూటీ ఎవరు దించాలి?" అంది అమ్మ.

అక్సా గుమ్మటం మధ్యకు నడిచింది. గుమ్మటం మళ్లీ మాట మార్చకుండా, చిన్నగా అంది. "సిలాసూ, డ్యూటీ ఆఫ్."

సమాధి రాయి వెనక ఏదో కదిలింది.

"అక్కా, కుత్తా చలా గయా?"

కుక్కకు భయపడి దాక్కున్న సిలాసు ఒంటినిండా బూజుతో పాక్కుంటూ బయటికి వచ్చాడు. నిక్కరు తడిసిపోయింది. "అమ్మ పిలిచినా నేను పలకలేదు, తెలుసా?" అన్నాడు అక్కతో, గొప్పగా.

అక్సా వాణ్ణి పట్టుకుని ఏడ్చేసింది.

ముగ్గురూ గుమ్మం మెట్టుమీద కూర్చున్నారు. అమ్మ సిలాసు తలలోని బూజు దులుపుతూ అడిగింది. "పైన ఏముంది?"

"మన డాబాలు. కుతుబ్ మినార్."

"దానికోసం ఎక్కావా?"

"ఏముందో తెలియకే ఎక్కాను. తెలియకపోతే నిద్ర పట్టట్లేదమ్మా."

అమ్మ కాలికి గుచ్చుకున్న ముల్లు తీసుకుంటూ అంది. "ఢిల్లీ ఉద్యోగానికి తెనాలిలో రైలెక్కినప్పుడు నాకు హిందీ ముక్క రాదు. దారంతా భయమే. అయినా దిగిపోవాలనిపించలేదు." ముల్లు పారేసింది. "కాకపోతే అమ్మమ్మకు చెప్పి ఎక్కాను."

బోర్లా పడ్డ నీలం చెప్పు తీసి సిలాసు కాలికి తొడిగింది.

శనివారం మధ్యాహ్నం అక్సా అమ్మ మంచం పక్కన నిలబడింది. గుమ్మటం వెనకవైపు ఇంకో చిన్న తలుపు ఉంది. అక్కడి మెట్లు కిందికి దిగుతాయి. తలుచుకుంటేనే భయం వేస్తోంది.

అక్సా అమ్మ కాలు మెల్లగా తట్టింది. "అమ్మా, నీకు చెప్పి, అప్పగించి వెళ్దామని వచ్చాను. గుమ్మటం వెనక తలుపు. కిందికి దిగే మెట్లు."

"నా డ్యూటీ?" అన్నాడు సిలాసు.

"నా చెయ్యి వదలకపోవడం. ఎవరు పిలిచినా పలకాలి, గట్టిగా."

అమ్మ కళ్లు తెరవలేదు. లేచి కూర్చుని, మంచం కింద చెప్పులకోసం కాలితో తడుముతోంది.