తుడిచేసిన ఎర్రచుక్క

మా మనవరాలికీ బొమ్మలేసే ఆ అబ్బాయికీ మొదటిరోజే తగువు. బొమ్మలకు ఫ్రేములు కట్టే కొట్టు మాది. బేరం వస్తే పిల్ల గలగలా మాట్లాడుతుంది. వచ్చినవాళ్లు గుమ్మం దిగగానే మళ్లీ రంపం చప్పుడే. దానికి నేను, నాకు అది. మూడో గొంతు లేదు.

ఆ మొదటిరోజు ముసురులో అతను తడి ఆరని బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఇదేంటండీ, అన్నీ మరకలే! పూర్తిచేసి పట్టుకురండి” అంది మనవరాలు.

“పూర్తయిందండీ. మీరు ముక్కు ఆనించి చూస్తున్నారు. కాస్త వెనక్కి జరగండి.”

జరిగింది. నేనూ మెడ సాచాను. నీలం పక్కన నారింజ, ఊదా పక్కన పసుపు, విడివిడిగా పొడిచిన రంగులన్నీ కలిసి మంచు కమ్మిన ఏరైపోయాయి! ఆ ఏటి దిగులు చలిలా నా మోకాళ్లలోకి దిగింది.

“నీడలకి నలుపు వెయ్యరా?”

“నీడ నల్లగా ఉండదండీ, నీలంగా ఉంటుంది. కంటికి కనబడిందే వేస్తాను. గదిలో కూర్చుని ఊహించి వెయ్యడం నాకు చేతకాదు.”

“అబ్బో!” అంది మా పిల్ల. అతను ఇంకేదో చెప్పబోయి, చెవులు ఎర్రబడి వెళ్లిపోయాడు.

మర్నాడు ఫ్రేము బిగిస్తుంటే బొమ్మలో ఏటి మీది వంతెన మీద ఎర్రచుక్క కనబడింది దానికి. కుంచె జారి పడ్డ మరకనుకుని, గుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. పనిమంతురాలు!

అతను వచ్చి చూసి పాలిపోయాడు.

“ఇక్కడ ఎరుపు ఉండాలండీ.”

“ఆ మరకా? తీసేశాను. థాంక్స్ చెప్పరా?”

“మరక కాదండీ. మీరు.”

“నేనా!”

“రోజూ పొద్దున్నే ఎర్రగొడుగేసుకుని వంతెన దాటతారుగా. నోటితో చెప్పలేక...”

మాట మింగేసి, బొమ్మ చంకన పెట్టుకుని వానలోకి దిగిపోయాడు. ఆ పూట మా పిల్ల అన్నం ముట్టలేదు, రంపమూ ముట్టలేదు.

“బొమ్మలోంచి నిన్ను నువ్వే తుడిచేసుకున్నావు సరే. అతని కళ్లలోంచి కూడా తుడిచేసుకుంటావుటే?” అన్నాను.

మర్నాడు పొద్దున్నే నన్ను వంతెన మొదట్లో వదిలేసి, గొడుగుతో నడిమధ్యకి వెళ్లి నిలబడింది. కింద గట్టు మీద బొమ్మ ముందేసుకుని అతను.

“కదలకండి!” అని అరిచాడు.

“ఒక్క చుక్కకి ఎంతసేపండీ?”

“ఎప్పుడో వేసేశాను!”

“మరి చెప్పరేం?”

“చెబితే వెళ్లిపోతారేమోనని!”

దాని నవ్వు ఏటి మీదుగా నా దాకా వచ్చింది. నేనొక్కదాన్నే వెళ్లి కొట్టు తెరిచాను. లోపల చప్పుడు లేదు. గుమ్మంలోంచి వెనక్కి తిరిగి చూశాను. అంత దూరానికి నా మనవరాలు ఉత్త ఎర్రచుక్క. పక్కన ఇంకో చుక్క చేరింది.