దొరికిందని రాసిన సంతకం

డాలీగంజ్‌లో ఇంటి ముందు స్కూటీ తుడుచుకుంటున్న జాహ్నవి దగ్గరికి ఆ ఉదయం ఠాణా నుంచి మణికుమార్ వచ్చాడు. సర్కారు బడి టీచరమ్మ కదా, ఆలస్యమంటే ఆమెకి ప్రాణం మీదికి వచ్చినట్టే. విసుక్కుంటూనే కుర్చీ వేసింది.

“పాత కేసులన్నీ మళ్ళీ చూస్తన్నాం, దీదీ. ఎనభై ఎనిమిదిలో ఓడలాగే చాతం జెట్టీ దగ్గర రెండేళ్ళ పాప తప్పిపోయింది. మీరే. తర్వాత దొరికారని మీ నాన్నగారు రాసిచ్చారు. మీరొక దస్తఖత్ పెడితే కేస్ బంద్.”

“నేనెప్పుడు తప్పిపోయాను, భయ్యా?” నవ్వేసింది జాహ్నవి.

గుమ్మంలో ఉన్న తల్లి కనకలక్ష్మి నవ్వలేదు. కూతుర్ని లోపలికి లాక్కుపోయి, “సంతకం ఎట్టీయే. ఏటీ అడక్కు,” అంది.

“ఎవరమ్మా ఆ పాప?”

“మీ అక్క.”

ముప్పై ఏడేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది.

రెండో కాన్పుకి కనకలక్ష్మి ఈ దీవుల నుంచి ఓడెక్కి సోంపేటలోని పుట్టింటికి వెళ్ళింది. పసిదానితో తిరిగొచ్చేసరికి పెద్దది లేదు. జెట్టీ మీద జనంలో తండ్రి చెయ్యి వదిలిన పిల్ల మరి కనిపించలేదు. నాలుగేళ్ళకి చిన్నదాన్ని బడిలో చేర్చబోతే దీవుల్లోనే పుట్టినట్టు కాగితం అడిగారు. అది పెద్దదానికే ఉంది. పేరుతో సహా అదే ఇచ్చేశారు. తప్పిపోయిన పిల్ల బడికెలా వస్తోందని ఠాణావాళ్ళు అడిగితే, దొరికిందని రాసిచ్చారు.

“అంటే ఆ రోజునుంచి అక్కని ఎవరూ వెతకలేదా?”

“నేదు.” కనకలక్ష్మి తలెత్తలేదు. “మీ నాన రాస్తంటే నాను పక్కనే ఉన్నాను. వద్దనలేదు. ఇప్పుడు నిజం సెప్తే నీ నౌక్రీ పోద్దే.”

జాహ్నవి బయటికొచ్చి పెన్ను తీసుకుంది. మొదటి అక్షరం రాసేసింది కూడా. అంతలో తన చేతిని తనే చూసుకుని సిగ్గుతో చచ్చిపోయింది. నాన్న కూడా ఇంత తేలిగ్గానే రాసుంటాడు.

ఆ అక్షరం కొట్టేసి, “ఆ పాప దొరకలేదు. నేను ఆమె చెల్లెల్ని,” అంది.

వెనకాలే కనకలక్ష్మి వచ్చి చేతులు జోడించింది. “తప్పు మాదే బాబూ. మా రగతం పరీచ్చ సేసుకోండి. నా పిల్లని ఎతకండి.”

మణికుమార్ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. “మరి మీ పేరు ఏమని రాసుకోవాలి, దీదీ?”

జాహ్నవి తల్లి వైపు తిరిగింది. “నాకేం పేరు పెట్టారమ్మా?”

“సుమ. నాలుగేళ్ళు అలాగే పిలిసినాం. బడిలో ఏసినాక, ఆ పేరుకి పలికితే కొట్టి మాన్పించినాం.”

ఎంత ఆలోచించినా ఆ పేరు జాహ్నవికి గుర్తు రాలేదు.

“ఒక్కసారి అలా పిలువమ్మా.”

కనకలక్ష్మి అలవాటుగా రెండుసార్లు “జా...” అనబోయి ఆగింది. మూడోసారికి “సుమా” అని పిలిచి, కూతురి భుజం మీద తల పెట్టుకుని భోరుమంది.