నైట్రోజన్ పొగ

డాక్టర్ రాజేశ్వర్ రావు శవం హసన్‌పర్తి చెరువులో తేలింది. అదే ఉదయం ఆయన ల్యాబ్‌లోని ఆబోతు విషం తిని చచ్చింది.

పాల దిగుబడిని రెట్టింపు చేసే జన్యు మార్కర్ ఆ ఒక్క ఆబోతుకే ఉంది. దాని వీర్యం నింపిన సన్నటి స్ట్రాలు గడ్డకట్టే చలిలో ఉంచే ఒకే ఒక్క ద్రవ నైట్రోజన్ డబ్బాలో మిగిలాయి.

"ఆ డబ్బా నర్సంపేట దగ్గర పశువుల క్యాంపుకు పోయింది," అన్నాడు బ్యూరో చీఫ్ భానుచందర్. "విదేశీ ముఠా అందులో తమ స్ట్రాలు కలిపిందని అనుమానం. వాటితో చూడి కడితే దూడ కడుపులోనే చస్తుంది. తల్లికి మళ్లీ చూడి నిలవదు. పాడి పోతే ఊళ్లన్నీ వాళ్ల పాలపొడే కొనాలి. మంచివి కాపాడు. రావు జీవితమంతా అందులోనే ఉంది."

ఏజెంట్ సుభాషిణి ఖాకీ కోటు, గమ్‌బూట్లు వేసుకుని, చూడి సూదులు వేసే అసిస్టెంట్‌గా క్యాంపులో దిగింది. పేడ వాసనలోనూ సెంటు గుప్పుమంటున్న డాక్టర్ శ్రీలత ఎదురొచ్చింది. బ్యూరో మనిషే.

"పాలు విరిగినయా?"

"ఇంకా తోడే వెయ్యలే."

కోడ్ సరిపోయింది. సుభాషిణి పెన్ స్కానర్‌తో స్ట్రాలు పరీక్షించింది. కల్తీకి ఎరుపు. అసలుకు పచ్చ. మళ్లీ ఎరుపు. పైన లేబుల్ మాత్రం అన్నిటికీ ఒకటే.

పక్కటెముకకు పిస్టల్ తగిలింది.

"కలిపింది నేనే," అంది శ్రీలత మెల్లగా. "ఏరాలంటే వారం పడుతుంది. లైన్ మొదలైంది. నవ్వు."

ముందు యాకమ్మ నిలబడింది, ఎర్రావు పలుపు పట్టుకుని.

"బిడ్డా, జర మంచి సూది ఎయ్యి. రెండుసార్లాయె, చూడి కట్టలే. ఈసారి గిట్ల కట్టకుంటె కోతకు అమ్ముతనంటాండు మా ఆయన."

సుభాషిణి డబ్బా మూత పూర్తిగా తీసేసింది. తెల్లటి పొగ లేచింది.

"సాంబ్రాణి లెక్కున్నదే," అంది వెనుక నుంచి సమ్మమ్మ.

"దిష్టి పొగ అత్తా," అంది సుభాషిణి. "చూడి కట్టని ఆవులకు మంచిది. చేతులు పెట్టకుండ్రి, ఆవుల మొకాలకు తాకియ్యుండ్రి."

క్షణంలో లైన్ చెదిరింది. ఆడవాళ్లందరూ ఆవులను లాక్కొచ్చి డబ్బా చుట్టూ మూగారు.

"మూత పెట్టండి!" అరిచింది శ్రీలత.

"జర ఆగు డాక్టరమ్మా, మా దానికింక తాకలే."

సుభాషిణి బూటుతో డబ్బాను తన్నింది. నైట్రోజన్ నేలమీద మరుగుతూ పారింది. స్ట్రాలు ఎండలో చెల్లాచెదురయ్యాయి. శ్రీలత పిస్టల్ ఎత్తింది. పొగకు బెదిరిన ఎర్రావు ఆమెను కట్టుగుంజకు అదిమేసింది. పిస్టల్ పేడలో పడింది.

కొద్దిసేపట్లో శ్రీలతను పోలీసులు తీసుకెళ్లారు.

"మంచివి?" ఫోన్‌లో చీఫ్ అడిగాడు.

"వేడికి అన్నీ చచ్చాయి సార్. మంచివీ, చెడ్డవీ."

యాకమ్మ ఆవు వీపు నిమురుతూ ఇటే చూస్తోంది. "పొగ బాగ తాకింది బిడ్డా. ఇగ సూది ఎయ్యి."

"మిషన్ సక్సెస్ అని రాయి," అన్నాడు చీఫ్.

"రాస్తాను సార్. మంచి సూది ఇక లేదని ఈమెకు మాత్రం మీరొచ్చి చెప్పండి."