తలదివసం కాకముందు

పొద్దున్నే కోదండరామన్ స్వెటరు మడిచి సంచిలో పెట్టుకుంటుంటే, అక్క వళ్ళియమ్మాళ్ కాఫీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది.

"కొడైకానల్‌కేనా? నీ పెండ్లాం పోయి ఏడాది నిండలే. తలదివసం తద్దినం కాకముందు కొండెక్కరాదని తెలియదా? కాలేజీలో ఏం చదివితివిరా?"

"అది గుడి కొండకు, అక్కా."

"కొండంటే కొండే! పోయిన వారం ఊరికే ఉంటివే, ఈరోజు ఏం వచ్చె?"

నిజమే. కొడైకానల్‌లో కాపురమున్న కూతురు మేనకకు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయిందని అల్లుడు మదన్ ఫోన్ చేసినప్పుడు, అతను పళనిలోనే ఆగిపోయాడు. ఇంట్లో ఒక చావు చాలదా, ఇంకో కీడు తానే మోసుకుపోవాలా అని భయపడ్డాడు. నిన్న మదన్ మళ్ళీ చేశాడు. "మామా, ఆమె ఏడవడం లేదు. నాకు భయంగా ఉంది."

అక్క తిట్లు ఆగలేదు గానీ, బస్సులో తినమని ఇడ్లీలు కట్టి ఇచ్చింది.

మలుపు మలుపుకూ అడవి చిక్కబడింది. దొరల కాలంనాటి ఆ ఊరు మంచులో మునిగి ఉంది. చెరువు గట్టున, కట్టేసిన పడవల ఎదుట, మేనక ఒక్కతే బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఏడాది అయిపోయెనా నాయనా?"

"లేదు తల్లీ."

"మరి ఎందుకొస్తివి? కీడు తగలదా?" ఆమె గొంతు లేచింది. "బిడ్డను గుడ్డలో చుట్టి మదన్ ఒక్కడే తీసుకుపోయె. పక్కన మనవాళ్ళు ఒక్కరు లేరు. అందరూ కొండ కింద మడిగా కూర్చుంటిరి. అమ్మ ఉంటే ఆగునా?"

పోయిన భార్య ముత్తులక్ష్మి కోసమే కదా ఈ ఏడాది పట్టింపంతా! ఆమె అయితే బస్సు లేకున్నా నడిచి ఎక్కేది. ఆమె పేరు చెప్పి, ఆమె బిడ్డనే ఒంటరిని చేశాడు.

"ఆగదు," అన్నాడు. "నన్ను తిట్టి, నాకన్నా ముందే వచ్చేది."

మేనక తల తిప్పుకుంది. అతను మెల్లగా అడిగాడు.

"బిడ్డ ఎట్లుండె, తల్లీ?"

ఆ మాట ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు.

"తలనిండా జుట్టు... ముక్కు అమ్మదే, నాయనా. అచ్చం అమ్మ ముక్కే."

అంతే, అతని భుజం మీద వాలి భోరుమంది. అతనూ ఆపుకోలేదు. మంచు దిగి బెంచీని కప్పేసింది. దారిన పోయేవాళ్ళకు వాళ్ళిద్దరూ కనబడలేదు. ఆ మాత్రం దయ చాలనిపించింది అతనికి.